కూసిన పెట్ట

నా చిన్నప్పుడు మా ఇంటి మీదికి వచ్చిన అతి పెద్ద ఆపద కిలోన్నర బరువుండేది. ఒళ్లంతా గోధుమరంగు, మెడ దగ్గర నల్లమచ్చలు. అది నా కోడిపెట్ట. పక్కింటి ఖాలా దాన్ని పిల్లగా ఉన్నప్పుడు నా చేతుల్లో పెట్టింది కాబట్టి కోడి నాది, గుడ్లు మాత్రం ఇంటివి. శాలిబండలో మా రెండిళ్లకూ కలిపి ఒకటే వాకిలి. కోళ్లు ఎవరివైనా గింజలు ఇద్దరివీ తినేవి.

ఒక వానాకాలంలో అది గుడ్లు పెట్టడం మానేసింది. కొన్నాళ్లకు నెత్తిమీది తురాయి ఎర్రగా పెరిగింది. ఒక పొద్దున గోడెక్కి, మెడ చాచి, కూసింది. బాగా కూసిందని చెప్పలేను. గొంతు మధ్యలోనే జారిపోయింది. కానీ చేసిన పని ఏమిటో వాకిట్లో అందరికీ అర్థమైంది.

"అమ్మా, మీ ముర్గీ పుంజు తీర్గ బాంగ్ ఇస్తున్నది," అని ఖాలా గోడ అవతలి నుంచి మెల్లగా చెప్పింది. "మా అమ్మీ ఉంటే ఈపాటికి కోసేస్తుండె."

మా నాయనమ్మ లెక్కలో పెట్ట కూస్తే ఇంటి యజమానికి గండం. అమావాస్య లోపల దాన్ని వదిలించుకోవాలి. అదే వారం బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా బాపు చెయ్యి జాకీ కింద నలిగింది. ఆయన కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి కోడి గోడమీదే ఉంది, మళ్లీ కూసింది. దానికి సమయం సందర్భం తెలిసేది కాదు. ఆ తర్వాత ఇంట్లో దాని తరఫున మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు.

నా భయం ఒక్క కోడి గురించే కాదు. మా అక్కకు పదిహేడు నిండాయి, ఇంకా పెద్దమనిషి కాలేదు. పైపెదవి మీద నూగు నల్లబడింది. గొంతు బరువెక్కింది. తలుపు చాటునుంచి అక్క పలికితే బయటివాళ్లు "తమ్మీ, అమ్మ ఉన్నదా?" అని అడిగేవారు. మాకు తమ్ముడు లేడు. దాంతో అక్క పలకడం తగ్గించింది. కొన్నాళ్లకు పూర్తిగా మానేసింది. నాయనమ్మ తన వంతుగా కాలేజీ మాన్పించింది. అమ్మ ఒకసారి డాక్టరమ్మ పేరెత్తితే, "డాక్టరుకు చూపిస్తే బస్తీకి చూపించినట్టే. రేపు దీన్ని ఎవలడుగుతరు?" అని నాయనమ్మ ఆ మాట అక్కడే తుంచేసింది.

కోడి కూసిన పొద్దున అక్క మెట్ల మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. నాయనమ్మ కోడిని చూసి, ఆ చూపు దించకుండానే అక్క మీదికి తెచ్చింది. అక్క చేట ఆగిపోయింది. కోడికి అమావాస్య గడువు. అక్కకు గడువెప్పుడో నాకెవరూ చెప్పలేదు. అడగడానికి భయపడి రాత్రిళ్లు అక్క కొంగు చేతికి చుట్టుకుని పడుకునేదాన్ని.

మా మేనత్త మాతోనే ఉండేది. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నాయనమ్మ దృష్టిలో ఆమె కప్పలను కోసి జీతం తెచ్చుకునే మనిషి. ఆ అత్త ఒక సాయంత్రం చాయ్ తాగుతూ మాట కదిపింది.

"అమ్మా, అమావాస్య ముంగట ఇంట్ల నెత్తురెందుకు? కోడిని నాకియ్యి. మా కాలేజీల కోస్తం. లోపలేమున్నదో పిల్లలు చూస్తరు."

"ఏం, కప్పలు అయిపోయినయా?"

"కూసే కప్పలు దొరుకుత లేవు."

శని ఇంటి గడప దాటి, అదీ గవర్నమెంటు కాలేజీలో పోతుందంటే నాయనమ్మకు నచ్చినట్టే ఉంది.

"గంప మన పెద్దపిల్ల పట్టుకుంటది," అంది అత్త, గ్లాసులోకి చూస్తూ. "టీచరమ్మ కోడిగంప పట్టుకొని పోతే మంచిగుంటదా? చిన్నది కూడ రానీ. అది పక్కన లేకుంటే కోడి లొల్లి పెడ్తది."

మర్నాడు కోడి కాళ్లకు నాయనమ్మే కొబ్బరితాడు కట్టింది. అక్క తన మొహం మీదికి కొంగు లాక్కుంది. నేను దారంతా గంప మీద చెయ్యి పెట్టి ఏడ్చాను. అత్త ఊరుకోమని అనలేదు. రిక్షా నయాపూల్ దాటాక కాలేజీ వైపు తిరగలేదు. అప్పుడు చెప్పింది.

"కోడిని ఎవ్వలు కోస్త లేరు. మనం డాక్టరమ్మ దగ్గరికి పోతున్నం. మీ నాయనమ్మకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యదు, అక్కను బయటికి పోనియ్యదు. సమజైందా?"

సమజైంది. ఏడుపు ఆగింది. అక్క రిక్షా దిగబోయి, అత్త చెయ్యి పట్టి ఆపితే, మళ్లీ కూర్చుంది.

డాక్టరమ్మ గది బయట బల్ల మీద ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. గంపను బల్ల కిందికి తోశాం. ఎవరైనా శాలిబండవాళ్లు కనిపిస్తారేమోనని అక్క తల ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే కోడి కూసింది. మాటలన్నీ ఆగిపోయాయి. ఒక ముసలమ్మ వంగి గంపలోకి తొంగి చూసింది.

"ఇది పెట్ట గదనే."

"అవునమ్మా," అంది అత్త. "మేము గూడ గదే అడుగుదామని వచ్చినం."

అక్క నవ్వింది. నెలల తర్వాత, ఆ బరువు గొంతుతోనే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

లోపల డాక్టరమ్మ అక్కను చాలాసేపు చూసింది, ఎన్నో అడిగింది. పరీక్షలు రాసింది. తన అనుమానం మాత్రం అప్పుడే చెప్పింది. మూత్రపిండాల మీద టోపీల్లాంటి చిన్న గ్రంథులుంటాయి. అక్కలో అవి మగవాళ్లలో ఎక్కువగా ఉండే రసాన్ని అవసరానికి మించి తయారు చేస్తున్నట్టున్నాయి. అది నెత్తురులో కలిసి మెదడు దాకా పోతుంది. దాంతో మెదడు, 'ఇక ఎదుగు' అని అండాశయానికి పంపాల్సిన కబురు పంపకుండా కూర్చుంది. అక్క తప్పు చేయలేదు. అక్క ఆడపిల్ల కాకుండా పోలేదు. మందుంది.

తిరుగు రిక్షాలో కోడి సంగతి అడిగాను. "పెట్టకు ఎడమవైపు ఒక్క అండాశయమే పనిచేస్తది," అంది అత్త. "అది చెడిపోతే కుడివైపు పడుకున్నది లేచి పుంజు రసం చేస్తది. కూత మెదడుల ముందునుంచే ఉంటది, పెట్టకు గూడ. రేడియో తీర్గ. స్టేషన్లన్నీ అండ్లనే ఉంటయి, ముల్లు ఎటు తిరిగితే అది పాడుతది. ముల్లు తిప్పేది నెత్తురుల వచ్చే కబురు. పాపం రేడియోను కొడితే ఏమొస్తది?"

మేం గల్లీ మలుపు తిరిగేసరికి నాయనమ్మ గడపలో నిలబడి ఉంది. ముందు గంపను చూసింది. గంప కదిలింది.

"కొయ్యలేదా?"

అత్త దారిలోనే జవాబు సిద్ధం చేసుకున్నట్టుంది. "కోసే పనే లేదమ్మా. మావోళ్లు చూసిండ్రు. ఇది ఇగ పెట్ట గాదంట, పుంజైందంట. పుంజు కూస్తే తప్పేంది?"

మంచి అబద్ధం. నాయనమ్మ శాస్త్రం ప్రకారం గండం తొలగిపోయింది, నా కోడి బతికింది. నాయనమ్మ మొహం తేలికపడడం చూశాను. తప్పించుకున్నామనుకున్నాను. అప్పుడు అక్క కొంగు వెనక్కి తీసింది.

"పుంజు గాదు నాయనమ్మా. పెట్టనే. లోపల మంచిగ లేదు, గంతే."

వాకిట్లో ఖాలా బట్టలు పిండడం ఆపింది. అత్త కళ్లు మూసుకుంది.

"ఎవలన్నరు?"

"డాక్టరమ్మ."

"కోడిని డాక్టరమ్మ ఎందుకు చూసింది?"

నాయనమ్మ అత్తను చూసింది, నన్ను చూసింది, చివరికి అక్కను చూసింది. ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. అత్త పెట్టె వాకిట్లో పడుతుందని, అక్కను లోపలికి తోసి తలుపేస్తారని ఎదురుచూశాను. కానీ ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు నాయనమ్మ అడిగింది.

"దీనికి మందున్నదన్నదా?"

"కోడికి లేదంట," అంది అక్క. "నాకున్నదంట."

నాయనమ్మ గడప మీద కూలబడి, గంప ఒళ్లోకి లాక్కుని, పొద్దున తానే కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయింది. ఎంత లాగినా ఊడలేదు. అక్క పక్కన కూర్చుని చెయ్యి కలిపింది.

పరీక్షల్లో డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. అమావాస్య వచ్చింది, పోయింది. బాపు చెయ్యి కోడి కూతల మధ్యనే మానింది. పొద్దున అది కూయగానే నాయనమ్మ నీళ్ల గ్లాసుతో అక్క పక్క దగ్గరికి వచ్చి, "అది కూసింది, లే, గోలి మింగు," అనేది. శకునం ఆ రకంగా ఉద్యోగంలో చేరింది. ఏడాది తిరగకముందే అక్క పెద్దమనిషైంది, మళ్లీ కాలేజీకి పోయింది. గొంతు మాత్రం మారలేదు. తర్వాత ఆ గొంతుతోనే బడిలో పాఠాలు చెప్పింది. చివరి బెంచీలో ఎవరూ నిద్రపోయేవారు కారట.

నేనూ అత్త చదివిన చదువే చదివాను. ఆ రసాల పేర్లన్నీ నేర్చుకున్నాను, కొన్ని మరచిపోయాను కూడా. కానీ ఎవరి గొంతో, నడకో చూసి 'ఇదేంది గిట్ల' అన్న మాట నా నాలుక దాకా వచ్చినప్పుడల్లా, ఆ కొబ్బరితాడు ముడి గుర్తొస్తుంది. కట్టిన చేతులే దాన్ని విప్పడానికి ఎంతసేపు పట్టిందో గుర్తొస్తుంది. మాట మింగేసి, మంచినీళ్లు తాగుతావా అని అడుగుతాను.