రెండు పైకామాల మధ్య పద్దెనిమిది మంది

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తెర మీద ఆ గుర్తు వరుసగా దిగడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ సాయంత్రం "తలనొప్పి" అని ఒక్క మాట రాసి మూసేశాను. అబద్ధం. నాకు తల నొప్పేమీ లేదు.

మదనపల్లెలో ఒక కంటి ఆసుపత్రి వాళ్ల ఆఫీసులో నాది పేర్లు ఎక్కించే పని. ఆసుపత్రి కుప్పంలో ఉంది. పల్లెల్లో క్యాంపులు పెట్టి, శుక్లాలు ముదిరినవాళ్ల పేర్లు కాగితాల మీద రాసి మాకు పంపుతారు. నేను వాటిని డేటాబేసులో ఎక్కిస్తే కుప్పంలో ఆపరేషన్ల జాబితా వస్తుంది. జాబితాలో పేరుంటేనే మంచం. పుంగనూరు వైపు క్యాంపులు చూసేది ఒక అక్క. పెద్దపంజాణి చుట్టుపక్కల ఆమె తిరగని పల్లె లేదు. కంటికి కత్తి పెడతారంటే ఆమడ దూరం పరిగెత్తే ముసలివాళ్లు, ఆ అక్క చెబితే మాత్రం బస్సెక్కేవాళ్లు. ఆమెకున్న ఆస్తి ఆ మాటే.

మదనపల్లె రోడ్డు అని పూర్తిగా రాసే ఓపిక మా వైపు ఎవరికీ లేదు. ఇంగ్లీషులో ఎమ్ రాసి, దాని నెత్తిన ఒక కామా పెట్టి, పక్కన పల్లె అని రాస్తారు. అంగడి బోర్డుల మీదా అంతే, పార్సిళ్ల మీదా అంతే. అక్క కూడా చిరునామాలు అలాగే రాసేది. ఆ గుర్తును మా ఆఫీసులో పైకామా అనేవాళ్లం.

నేను వాడే ప్రోగ్రాంలో బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లని తెర, దాని మీద మనం ఇచ్చే ఆజ్ఞలు, అంతే. ఒక పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి కోట్ గుర్తులే చెప్పాలి. ఒకటి తెరుస్తుంది, ఇంకొకటి మూస్తుంది. పైకామా కూడా దానికి అదే గుర్తు. అందుకని ఎమ్ దగ్గరే చిరునామా అయిపోయిందనుకుంటుంది. ఆ తర్వాత వచ్చే మూసే కోట్‌ను తెరిచేదనుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి లోపలిది బయట, బయటిది లోపల. ఇంకో పైకామా ఎదురయ్యేదాకా మధ్యలో ఉన్న మనుషులందర్నీ ఒకే ఆజ్ఞగా మింగేసి, ఒకే ఒక్క తప్పు చూపించి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఆ ప్రోగ్రాం గురించిన పుస్తకాన్ని ప్రింటు తీయించుకుని, మా ఊరు అంగళ్లు నుంచి వచ్చే బస్సులో నవల చదివినట్టు చదివాను. మందు కూడా అందులోనే ఉంది. పైకామా ఒకటి ఉన్నచోట రెండు కొడితే ప్రోగ్రాం దాన్ని ఒకటిగా తీసుకుంటుంది. అంతే!

మొదటిసారి ఇలాంటి చిరునామా ఒకటే వచ్చింది. మూసే జత దొరక్క ప్రోగ్రాం అక్కడే నిలబడిపోయింది. మామూలుగా ప్రతి వరుస మొదట్లో కనిపించే దాని పేరు పోయి, ఒంటి కోట్ గుర్తు వచ్చింది. తెరిచింది ఇంకా మూయలేదని దానర్థం. నేను లేచి వెళ్లి మా ఇన్‌ఛార్జి సారుకు చెప్పాను.

"సార్, పైకామాను రెండుసార్లు కొట్టాల సార్. అన్నిటికీ ఒకేసారి మార్చొచ్చు."

"ఒకటి ఉండేదాన్ని రెండు సేస్తావా? ఉండేది ఉండేట్టు కొట్టమని సెప్పినానా లేదా?"

"పుస్తకంలో ఉండాది సార్..."

"పుస్తకమా!" సారు కుర్చీ మొత్తం తిప్పి గదిలో వాళ్లను పిలిచాడు. "ఇదో సూడండప్పా, మన పాప పుస్తకం సదివి మనకు పాఠం సెప్తాండాది. టీచరమ్మా, నిన్ను ఈడ కూసోబెట్టింది కొట్టేదానికి, సదివేదానికి గాదు."

అందరూ నవ్వారు. సారు తన చేత్తోనే ఆ ఒక్క పైకామా చెరిపేశాడు. ఇది గుర్తుంచుకోవాలి. తన చేత్తోనే చెరిపాడు. మరుసటి రోజు నుంచి నేను ఆఫీసుకంతా కామా పాపనయ్యాను. "కామా పాపా, టీ వచ్చిందా?" "కామా పాపా, ఫ్యాను ఎయ్యి."

తర్వాత వచ్చిన పుంగనూరు కాగితాల్లో పైకామాలు రెండున్నాయి. ఒకటి పైన, ఒకటి కింద. ఉన్నది ఉన్నట్టే కొట్టాను. ఆజ్ఞలన్నీ ఒకేసారి తెర మీదికి వదిలాను. ఆ ఒంటి కోట్ గుర్తు దిగడం మొదలైంది. వరుస వరుసకూ, మూయలేదు, మూయలేదు, మూయలేదు. ఆ యంత్రం సారులా నవ్వలేదు, నాలా నోరు మూసుకోనూ లేదు. ప్రతి వరుసలోనూ చెప్పింది. తర్వాత ఒక తప్పు చూపించి, మిగతావన్నీ సరే అంటూ పరుగెత్తింది.

వెనక నుంచి సారు అడిగాడు: "అయిపాయనా?"

"అయిపోయింది సార్."

సిగ్గు వల్ల అన్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఈసారి తప్పు బయటపడితే సారు తల దించుకుంటాడు, చూద్దాం అనుకున్నాను. ఆ తప్పు కింద పద్దెనిమిది మంది ఉన్నారన్న సంగతి నా కోపానికి కనబడలేదు.

అక్క అందర్నీ బస్సులో పలమనేరు మీదుగా కుప్పం తీసుకెళ్లింది. అక్కడ పద్దెనిమిది మందికి పేర్లు లేవన్నారు. కంప్యూటర్లో లేకుంటే లేనట్టే అన్నారు. ఒకే పల్లె నుంచి వచ్చినవాళ్లలో కొందరు కంటికి కట్టుతో మంచమెక్కారు, కొందరు వచ్చిన దారినే తిరిగారు. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసి, పెద్దపంజాణి అవ్వ ఒకామె బస్సులో అన్న మాట చెప్పింది: "నా కన్ను పనికిరాదని మిషినుకు ఎట్లనో తెలిసిపాయనే!"

నేను ఫోన్ పెట్టేసి ఆ రెండు పైకామాలను నాలుగు చేసి, పద్దెనిమిది పేర్లూ మళ్లీ ఎక్కించాను. తర్వాత పదిహేడు మంది వెళ్లారు. అవ్వ మాత్రం రానంది. ఇంకోసారి మా గడప తొక్కొద్దని ఆ ఇంటివాళ్లు అక్కకు చెప్పారట.

సారు అక్కను మదనపల్లెకు పిలిపించాడు. నాకు రెండు బల్లల అవతల నిలబెట్టి అరిచాడు.

"ఎవురు పెట్టమన్నారు నిన్ను ఈ కామాలు?"

"ఊరంతా అట్లనే రాస్తాది గదా సార్."

"ఇదేమన్నా అంగడి బోర్డా? ఇట్లాంటిది నేను నా సర్వీసులో సూడలా!"

చూడలేదట! మొన్న చెరిపిన చెయ్యి ఎవరిది? ఆ చేత్తోనే తెల్లకాగితం అక్క ముందుకు తోసి, తప్పు ఎవరిదో రాసివ్వమన్నాడు. అక్క ఒకసారి నా వైపు చూసింది. నేను కీబోర్డు చూశాను. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సారు మీద సగం. మిగతా సగం ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

అక్క రాసిచ్చి వెళ్లిపోతుంటే మెట్ల దాకా వెంట వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. "అక్కా" అన్నాను. నా మొహం చూసి ఆమె ఇంకేదో అనుకుంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"నిన్నేడ పనిలోంచి తీసేస్తారోనని భయమాయ పాపా. తప్పంతా నాదేనని రాసిచ్చేసినాలే. నువ్వు దిగులు పడబాక."