ఉస్తాద్ గొంతు, పాత కార్డు

ఇరవై రోజుల కింద, ఒక మంగళవారం పొద్దున మిర్యాలగూడ నుంచి మా పెండ్లి వీడియోల స్టూడియోకు ఫోనొచ్చింది. మా ఉస్తాద్ పోయిండు. ఇంట్ల చాయ్ తాగుకుంట కూలబడ్డడట. దవాఖానకు చేరకముందే ఖతం.

సూర్యాపేటలనో, కోదాడలనో మీ ఇంట్ల పెండ్లి క్యాసెట్ ఉంటే, అది ఆయన తీసిందే కావచ్చు. అందులో ఆయన మాత్రం ఉండడు. ఇన్ని పెండ్లిళ్లు తీసిన మనిషికి దండ వేద్దామంటే ఫోటో లేదు. బస్ పాస్ మీది బొమ్మను పెద్దది చేయించినం. మొఖమంతా మసక. నాకు ఒళ్లు మండింది.

నేను ఎడిటింగ్ ఏ కోర్సులనూ నేర్వలే, ఆయన పక్కన కూసొని నేర్చిన. కెమెరా వెనక నుంచి ఆయన "బిడ్డా, జర ఇటు సూడు" అంటనే ఉంటడు. ఏది వంకరగ కనబడ్డా చెయ్యి పెట్టి సరిచేస్తడు, బాసికమైనా, నా కాలరైనా. ఆ గొంతు, ఆ చెయ్యి కోసేసి పాట పెట్టుడు నా పని. "నా గొంతు ఒక్కకాడ వినబడ్డా నువ్వు పని చేయనట్టేరా" అనేటోడు. కోసింది వేరే క్యాసెట్‌కు ఎక్కించి పెండ్లోళ్లకు ఇచ్చి, అసలు క్యాసెట్ మీద ఇంకో పెండ్లి తీస్తం. నాలుగేండ్లు కోసిన. శుభ్రంగ కోసిన.

ఆయన పోయే ముందు శనివారం కొత్త కంప్యూటర్ బిగిస్తున్నం. క్యాసెట్ బొమ్మను లోపలికి ఎక్కించే కార్డు గూడ కొత్తదే. ఉస్తాద్ పాత కార్డును గుడ్డతో తుడిచి, ఇది గూడ పెట్టాలె అన్నడు. దాని కోసమే పాత స్లాట్ ఉన్న బోర్డు వెతికి తెప్పించిండు.

"కొత్త ట్రాక్టర్‌కు పాత ఎడ్లను కడతవా, ఉస్తాద్?"

"కొత్తది మంచి టేపునే సూస్తదిరా. ఇది పాడైనదాన్ని గూడ ఇడిసిపెట్టదు."

"పాడైంది ఎవనికి కావాలె? ఈ డొక్కు నువ్వే పెట్టుకో!"

"గంత గట్టిగ ఒర్రుతున్నవ్, మైకు మింగినవారా?" అని నవ్వి, తనే పెట్టిండు. "మరమేకు నువ్వు బిగించు" అని బస్సుకు పోయిండు. నేను బిగించలే. పీకి అట్టపెట్టెల పారేసిన. మా ఇద్దరి నడుమ అవే ఆఖరి మాటలు.

పదకొండో దినం నాడు వదిన, అంటే ఆయన భార్య, నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, ఫోటో పోనియ్. ఆయన గొంతు యాడనన్న ఉన్నదా నీ కాడ?"

లేకుండ చేసిందే నేను.

స్టూడియోల ఉన్న క్యాసెట్లన్నీ వేసి చూసిన. కోయనిది ఒక్కటి మిగిలింది. కోదాడ పెండ్లిది, వానకు నాని బూజు పట్టింది, మళ్ల వాడనీకి పనికిరాదని మూలకు పడేసింది. కొత్త కార్డు ఉత్త నీలం తెర చూపించింది. అట్టపెట్టెల చెయ్యి పెట్టి పాత కార్డు తీసిన. స్లాట్ల కూసోబెట్టి, మరమేకు బిగించిన.

కబురు పెడితే మర్నాడు వదిన స్టూడియోకు వచ్చి నా పక్కన కూసున్నది. బొమ్మ చినిగి వణుకుతున్నది. రంగులు లేవు. పెండ్లిపిల్ల తల దించుకొని ఉన్నది.

"బిడ్డా, జర ఇటు సూడు."

వదిన కొంగు నోట్ల కుక్కుకున్నది. నా వేలు అలవాటుగ, కోసే మీట మీదికి పోయింది. గుంజుకున్న.

అంతల తెర పక్క నుంచి ఓ చెయ్యి లోపలికొచ్చింది. పిల్ల నుదుటి మీద వంకరబోయిన బాసికాన్ని పట్టుకున్నది. టేపు అక్కడనే ఇరికింది. చెయ్యి వెనక్కి పోలే. గీతల నడుమ వణుకుకుంట అట్లనే ఉన్నది.