నాలుగో మనిషి

లారీ నన్ను దింపేసరికి మధ్యాహ్నం. చుట్టూ బూడిద రంగు కొండలు, వాటి మీద మంచు, నడుమ ఆరు రేకుల గుడిసెలు. అదే మా క్యాంపు. చెట్టు లేదు, పిట్ట లేదు. పది అడుగులు నడిచానో లేదో ఊపిరి అందలేదు. నా ట్రంకు పెట్టె మీదే కూలబడ్డాను. ఒకతను వచ్చి మణికట్టు పట్టుకొని నాడి చూశాడు. ఊరేదని హిందీలో అడిగాడు. వరంగల్ అన్నాను.

"వరంగల్ల ఏడన్నా?"

కొత్తవాడ అన్నాను. జంపఖానాలు నేసే ఇల్లు మాది. అతనిది వర్ధన్నపేట. పేరు యాకూబ్. క్యాంపులో నర్సింగ్ అసిస్టెంట్, కానీ అందరూ డాక్టర్ అనే పిలిచేవాళ్ళు. నేను వంటవాణ్ణి.

ఫౌజులో వంటవాడంటే గరిటె తిప్పుతాడనే ఇక్కడ అనుకుంటారు. తప్పు. మూట మోస్తాడు, కాపలా కాస్తాడు, అందరితో సమానంగా కొండెక్కుతాడు. అప్పటికి నాకు చదువు రాదు. ఇంటికి ఉత్తరాలు యాకూబే రాసిపెట్టేవాడు. రాసి రాసి విసుగొచ్చి, రేషన్ అట్టల మీద బొగ్గుతో నా చేత అక్షరాలు దిద్దించాడు. ముప్పై దాటాక వచ్చిన ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మా వాడకట్టు పిల్లలు ఎండాకాలం సెలవుల్లో మంచుకొండలకు పోయి వస్తున్నారు. ఫొటోలు చూపిస్తున్నారు. బాగుంటాయి. నేను మాత్రం ఒక్కరోజు నడక గురించే చెబుతాను.

పై పోస్టులో ఒక జవానుకు ఊపిరి ఆడటం లేదని రేడియోలో కబురొచ్చింది. మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు. ఆక్సిజన్ సీసా తీసుకొని యాకూబ్ వెళ్ళాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి అని ఆజ్ఞ. నలుగురం ఆరింటికి బయలుదేరాం. ముందు హవల్దార్. రెండో మనిషిని నేను, వీపున కిరోసిన్ డబ్బా. మూడు రేడియో ఆపరేటర్. చివర యాకూబ్. వెనకబడినవాణ్ణి చూసుకోవాలి గనుక నర్సింగ్ అసిస్టెంట్ ఎప్పుడూ చివరే నడుస్తాడు.

మొదటిసారి ఆగినప్పుడు చూశాను, అతని పెదవులు నీలంగా ఉన్నాయి. ఏమైందని అడిగాను.

"తలకాయ జర పట్టేసింది. నీ పప్పు తిన్నోనికి తలనొప్పి గాక ఇంకేమొస్తదన్నా."

నేను దాచే రకం కాదు. వెంటనే హవల్దార్‌కు చెప్పాను. ఆయన అడిగితే నిద్ర చాలలేదని తేల్చేశాడు యాకూబ్. డాక్టర్‌కే తలనొప్పి వస్తే మాకు గోళీలు ఎవరిస్తారని ఆపరేటర్ నవ్వాడు. యాకూబ్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతో సంగతి ముగిసిపోయింది. నావల్ల కాదని అక్కడ ఎవడూ అనడు. డాక్టర్ అసలే అనడు.

మధ్యాహ్నానికి పైకి చేరాం. యాకూబ్ ఆ జవాను పక్కన కూర్చొని ఆక్సిజన్ పెట్టాడు. ముఖం రంగు తిరిగేదాకా లేవలేదు. ఆ జవాను బతికాడు. ఉన్న ఒక్క సీసా అతని దగ్గరే వదిలేసి దిగాం.

సగం దారిలో పొగమంచు కమ్మింది. చాచిన చెయ్యి కనబడదు. తాడు కట్టుకునేంత వాలు కాదది, వెడల్పాటి కనుమ. అలాంటప్పుడు లెక్క పలకాలి. హవల్దార్ "ఒకటి" అంటే నేను "రెండు" అనాలి, అలా చివరిదాకా. ఊపిరి చాలనివాడికి ఆ ఒక్క మాట కూడా బరువే. అందుకని వాడి ముందో వెనకో ఉన్నవాడు వాడి అంకె కూడా తనే పలికేవాడు. రూలు ఒప్పుకోదు. అయినా అందరం చేసేవాళ్ళం, సాయమనుకొని. నా అంకె యాకూబే ఎన్నోసార్లు పలికాడు.

ఆ రోజు "మూడు" వినబడింది, "నాలుగు" వినబడింది. మూతికి గుడ్డ, చెవుల్లో గాలి. ఏది ఎవరి గొంతో తెలియలేదు.

రాళ్ళు పేర్చిన గోడ చాటుకు చేరాక హవల్దార్ మమ్మల్ని చేత్తో తడిమి లెక్కపెట్టాడు. ముగ్గురమే.

"నాలుగు అన్నదెవరు?"

"నేనే సార్," అన్నాడు ఆపరేటర్. "మాట్లాడలేకపోతున్నాడు. నువ్వు ఊరికే నా వెనక రా, నీది నేనే చెప్తానన్నాను."

హవల్దార్ రేడియో అందుకున్నాడు. క్యాంపుకు సంగతి చెప్పాడు. వెనక్కి వెళ్ళొద్దు, ముగ్గురూ దిగిపోండి, తెల్లారి మనుషుల్ని పంపుతామని జవాబొచ్చింది.

"మీ మాట సరిగా వినబడటం లేదు," అని హవల్దార్ మీట ఆపేశాడు. "పదండి, వెనక్కి."

అడుగుల గుర్తులు అప్పటికే పూడిపోతున్నాయి. పేరు పెట్టి అరుస్తూ వెళ్ళాం. దారి పక్కన, ఒక బండకు ఆనుకొని కూర్చొని దొరికాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడో లేదో చెప్పలేను.

"యాకూబ్, లే తమ్మీ, పోదాం," అన్నాను.

"మీరు పోండ్రి అన్నా. నేనొస్త."

ఆపరేటర్ అతన్ని వీపు మీద వేసుకున్నాడు. మార్చుకుందామన్నా ఒప్పుకోలేదు. జారకుండా నేను వెనక నుంచి పట్టుకొని నడిచాను. క్యాంపు దీపాలు ఇంకా కనబడకముందే నా చేతి కింద ఊపిరి ఆగింది. ఆపరేటర్‌కు చెప్పలేదు. చెబితే అక్కడే కూలిపోయేవాడు. డాక్టర్‌ను బతికించి తెస్తున్నాననుకొనే దిగాడు.

తర్వాత విచారణ జరిగింది. ఆపరేటర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతన్ని తప్పుపట్టేవాళ్ళు ఒక్కసారి ఆ కనుమలో నడిచి వచ్చి పట్టండి.

సెలవు మీద వచ్చి, యాకూబ్ పెట్టె వర్ధన్నపేటలో వాళ్ళింట్లో అప్పజెప్పాను. వాళ్ళ నాన్న పెట్టె తెరవలేదు.

"ఆఖరికి ఏమన్న అన్నడా బిడ్డా?"

"మీరు పోండ్రి, నేనొస్త అన్నడు చాచా."

ముసలాయన తలూపాడు. "అట్లనే అంటడు వాడు. ఏడికన్న పోదామంటే అట్లనే అంటడు."

ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను. మాకు దొరికినప్పుడు యాకూబ్ వట్టి కాళ్ళతో ఉన్నాడు. చలి మరీ ముదిరితే ఒళ్ళు మండుతున్నట్టు ఉంటుందనీ, అందుకే అన్నీ విప్పేస్తారనీ పెద్ద డాక్టర్లు తర్వాత చెప్పారు. అయ్యుండొచ్చు. కానీ అతను విసిరి పారేయలేదు. బూట్లు రెండూ జతగా, మడమలు కలిపి, ఇంట్లోకి పోయేవాడు గడప బయట విడిచినట్టు పక్కన పెట్టుకున్నాడు. సాక్సులు మడిచి లోపల దోపాడు. వాటి మీద మంచు రాలుతూనే ఉంది.