ఆయనకు కనపడని ఎరుపు

తెనాలి మార్కెట్ వెనక వీధిలో, ఒక మందుల షాపు మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. రెండు గదులు, ఐదుగురు మనుషులు. ఫోన్లలో వాడుకునే యాప్‌లు చేసిపెట్టేవాళ్ళం. నేను కోడు రాసేదాన్ని. పొద్దున్నే రేపల్లెలో పాసింజరు ఎక్కి వచ్చి, మధ్యాహ్నం క్యారేజీ తిని, సాయంత్రం మళ్ళీ పాసింజరులోనే ఇంటికి చేరేదాన్ని. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆయన బాపట్ల నుంచి వచ్చేవారు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను రాసింది సరిగా పనిచేస్తోందో లేదో రకరకాల ఫోన్లలో నొక్కి చూసి చెప్పడం ఆయన పని. అంతకుముందు ఆ పని చేసినతను తప్పు దొరికితే కేకేసి అందరికీ చెప్పేవాడు. ఈయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, తప్పు తనే చేసినట్టు చిన్నగా చెప్పేవారు. "ఏమనుకోకండి, మూడో పేజీ నుంచి వెనక్కి రావట్లేదండి." మేం ఒకరినొకరం మీరు అనే పిలుచుకునేవాళ్ళం. ఆ మీరు ఎప్పటికీ నువ్వు కాలేదు.

ఆ ఏడాది మా రేపల్లె చర్చిలో పాటలు నడిపించే టీచరమ్మగారు ఒక పని అప్పజెప్పారు. ఆవిడ రిటైరై చాలా కాలమైంది. పాటల పుస్తకంలో సన్న అక్షరాలు కనపడట్లేదని, పాటలన్నీ ఫోన్లో పెద్దగా వచ్చేలా చేసిపెట్టమని అడిగారు. చేసి ఇచ్చాను. వారం తిరక్కుండా ఫోన్ చేశారు.

"పాట మీద వేలు పెడుతున్నానమ్మా, నొక్కుకుందో లేదో నాకు తెలియట్లేదు. మళ్ళీ నొక్కుతున్నా. నేనొక పాట అనుకుంటే ఇంకొకటి వస్తోంది. అందరూ నా మొహం చూస్తున్నారు."

అందుకని అక్షరాల రంగు మార్చాలనుకున్నాను. వేలు ఆనగానే ఆ పాట మొదటి లైను నలుపు నుంచి ముదురు ఎరుపుకి మారుతుంది. వేలు తీస్తే పాట తెరుచుకుంటుంది. ఇది కాదు, పొరపాటు పడ్డాను అనుకుంటే వేలిని పక్కకి జరిపేస్తే చాలు, అక్షరాలు మళ్ళీ నల్లబడి ఊరుకుంటాయి. చిన్న పని. ఒక పూటలో రాసి ఆయనకిచ్చాను.

సాయంత్రం కుర్చీ జరుపుకుని వచ్చారు. "రంగు మారట్లేదండి."

నా ఫోన్లో మారుతోంది. ఆయన దగ్గరున్న ఫోన్ పాతది, దానికేదో తేడా ఉందనుకుని రాసిందంతా మళ్ళీ చూశాను. మర్నాడు సరిచేసి మళ్ళీ ఇచ్చాను. "లేదండి, నలుపే." ఇంకో ఫోన్లో చూడమన్నాను. "దీంట్లోనూ అంతేనండి." రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నాను. మూడో రోజు విసుగొచ్చి ఆయన చేతిలో ఫోన్ తీసుకుని నేనే నొక్కాను. అక్షరాలు చక్కగా ఎర్రబడ్డాయి.

"ఇదేంటండి, మారుతోందిగా!"

ఆయన నా వేలి కింద ఉన్న అక్షరాల వంక చూశారు. "అవునండి. ఇప్పుడు మారిందండి" అన్నారు.

ఆ గొంతులో ఏదో అబద్ధం ఉంది. నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. "రెండు రోజులు ఉత్తపుణ్యానికి నా చేత చాకిరీ చేయించారు" అని గట్టిగానే అన్నాను. పక్క గదిలో వాళ్ళు తలెత్తి చూశారు. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

శనివారం మేమిద్దరం రేపల్లె వెళ్ళి టీచరమ్మగారికి యాప్ చూపించాలి. ముందే అనుకున్న ప్రయాణం కాబట్టి తప్పలేదు. తెనాలిలో బండి ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నాం. బండి వేమూరు దాటింది. అటూ ఇటూ మాగాణి, అప్పుడే నాట్లు పడ్డ పచ్చదనం. ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నారు.

"మీరు పెట్టిన ఎరుపు నాకు కనపడదండి. నలుపులాగే ఉంటుంది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పుట్టుకతోనే అంతండి. రైలు డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాను. మెడికల్‌కి పిలిచి చుక్కల బొమ్మలున్న పుస్తకం ముందు పెట్టారు. చుక్కల్లో అంకెలుంటాయి, చదవమన్నారు. నాకు చుక్కలే కనపడ్డాయి. అంతే, పంపించేశారు."

"ఇంట్లో ఏమన్నారు?"

"ఇంట్లో చెప్పలేదండి. పోస్టులు తగ్గించేశారు, నా దాకా రాలేదు అని చెప్పాను." మళ్ళీ ఆయనే అన్నారు. "ఇది అమ్మ వైపు నుంచి వస్తుందని డాక్టరుగారు చెప్పారు. అమ్మకి చూపు బానే ఉంటుంది, కొడుక్కి వస్తుందంట. ఆ మాట మా అమ్మకి తెలిస్తే, నా కొడుకు ఉద్యోగం నా వల్లే పోయింది అనుకుంటుంది. బతికున్నన్నాళ్ళూ అదే పట్టుకుంటుంది. తెలీకుండా ఉండటమే మంచిదండి. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

భట్టిప్రోలులో బండి ఆగింది. శనక్కాయలమ్మే ఆవిడ వచ్చి వెళ్ళింది. ఆఫీసులో నేనన్న మాటలు గుర్తొచ్చాయి. "క్షమించండి" అన్నాను. "అయ్యో, మీకేం తెలుసండి" అన్నారాయన.

టీచరమ్మగారింట్లో ఆ రోజు యాప్ బయటికి తియ్యలేదు. ఇంకా కొంచెం పని మిగిలింది, వారం ఆగండమ్మా అన్నాను. ఆవిడ మా ఇద్దరికీ పులిహోర పెట్టి పంపారు.

తర్వాతి వారమంతా నేను రంగులు పెడుతూ పోయాను, ఆయన చూసి చెబుతూ పోయారు. ఎరుపులో ఎన్ని ఛాయలుంటాయో అన్నీ ప్రయత్నించాను. ఆకుపచ్చ పెడితే గోధుమరంగు అన్నారు. ఊదా పెడితే నీలమన్నారు. నాకు చాలా వేరుగా కనిపించే రెండు రంగులు ఆయనకి ఒకటే. నా కంటికి ఆనని తేడా ఆయనకి ఇట్టే తెలిసేది. ఒక సారి, "మీరు పొద్దున కట్టుకొచ్చిన చీర ఏ రంగండి?" అని అడిగారు. "చిలకాకుపచ్చ" అన్నాను. "నాకు మామిడి తాండ్ర రంగులా ఉంది. బాగుందండి" అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

చివరికి నీలం కుదిరింది. వేలు ఆనగానే నల్లటి అక్షరాలు మంచి వెలుగున్న నీలంలోకి మారి, కొంచెం లావెక్కేలా చేశాను. రంగు తెలియకపోయినా లావు తెలుస్తుందని. ఆయన ఆ లైను మీద వేలు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. "కనపడుతోందండి" అన్నారు. ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను ఇప్పటికీ చెప్పలేను గానీ, ఆ మొహాన్ని రోజూ చూడాలని ఉందని మాత్రం ఆ క్షణాన తెలిసిపోయింది. టీచరమ్మగారికీ నీలమే నచ్చింది. కంట్లో శుక్లాలున్న మనిషి, ఆవిడకీ ఆ ముదురు ఎరుపు సరిగా ఆనేది కాదేమో.

చలికాలం వెళ్ళేటప్పుడు ఆయనకి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు. ఆఫీసు ఫోన్ ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది. అది తెచ్చేవాళ్ళెవరని మా ఓనరుగారు అడగ్గానే నేను తెస్తానన్నాను. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి బాపట్ల వెళ్ళాను.

రైల్వే గేటుకి దగ్గర్లో రెండు గదుల పెంకుటిల్లు. ఆయన లోపల నిద్రపోతున్నారు. వాళ్ళమ్మగారు వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి, నేనెవరో చెప్పకుండానే, "తెనాలి ఆఫీసు అమ్మాయివా? రామ్మా, కూర్చో" అన్నారు. మజ్జిగ ఇచ్చారు. ఊరికే కూర్చోలేక నేనూ తొడిమలు తీయడం మొదలుపెట్టాను.

"మా నాన్న మిరప కోతలకి కూలికి వెళ్ళేవాడు" అన్నారావిడ. "పండు కాయలే కోయమంటే పచ్చివీ కలిపి కోసేవాడు. రెండు రోజులు చూసి మానిపించేవాళ్ళు. ఒళ్ళు బద్ధకమని తిట్టేవాళ్ళు. బద్ధకం కాదమ్మా. ఆయనకి పండేదో పచ్చేదో తెలిసేది కాదు."

నా చేతులు ఆగిపోయాయి.

ఆవిడ లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించారు. "వీడూ అంతే. బడికి వెళ్ళకముందే కనిపెట్టాను. రైలు ఉద్యోగం ఎందుకు రాలేదో నాకు తెలీదా? పోస్టులు తగ్గించారంట! మా నాన్నది నా ద్వారా వీడికొచ్చింది. ఆ సంగతి తెలిస్తే నేనెక్కడ బాధపడతానో అని దాస్తున్నాడు, పిచ్చినాయన."

"మీకు తెలుసని ఆయనకి చెప్పొచ్చు కదా ఆంటీ?"

"ఎందుకమ్మా? నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు. అనుకోనీ. నువ్వూ చెప్పకు."

చెప్పనన్నాను. ఇంతలో ఆయన లేచి గడప దగ్గరికి వచ్చి, నన్ను చూసి, నలిగిన చొక్కా సరిచేసుకుంటూ నిలబడిపోయారు. "మీరొచ్చారేంటండి ఇంత దూరం!" అన్నారు. ఫోన్ తీసుకుని వచ్చేశాను. నేను ఆవిడని ఆంటీ అన్నాను. బస్సులో రేపల్లె దాకా, పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడకుండా, పెదవుల మీదే "అత్తయ్యా, అత్తయ్యా" అనుకుంటూ వచ్చాను.

ఎండాకాలంలో ఆయనకి అనంతపురం వైపు ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. రంగులతో పని లేని ఉద్యోగం. చివరి రోజు ఇద్దరం కలిసే తెనాలి స్టేషన్‌కి నడిచి వచ్చాం. ఆయన బండి వచ్చేదాకా నాది ఒదిలేద్దామనుకున్నాను. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. వాళ్ళమ్మగారి మాట నోటి దాకా వచ్చింది. మాటిచ్చాను కాబట్టి ఆపుకున్నాను. ఇంకో మాట కూడా వచ్చింది. అది ఆపమని నన్నెవరూ అడగలేదు.

"ఏమైనా చెప్పాలాండి?" అన్నారాయన.

"ఏం లేదండి. అక్కడ తిండి ఎలా ఉంటుందో, జాగ్రత్త."

ఆయన నా వంక తిరిగి, "మీరు లేకపోతే ఆ ఎరుపు సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదండి" అన్నారు. అంతకన్నా దగ్గరి మాట ఇంకొకటి ఉందేమోనని ఎదురుచూశాను. ఆయనా నా కోసం ఎదురుచూశారేమో. బండి వచ్చింది. మాది లూథరన్ కుటుంబం, వాళ్ళింట్లో శనివారం దీపం పెట్టందే పొద్దు గడవదు. మా వాళ్ళు కాదంటారని నాకు నేనే తేల్చుకున్నాను. నిజానికి మా నాన్నని ఒక్కసారి కూడా అడగలేదు.

మొదట్లో పండగలకి మెసేజ్ పెట్టేవారు. తర్వాత పెళ్ళి కార్డు ఫోటో వచ్చింది. శుభాకాంక్షలు పంపాను. నేను ఆఫీసు మానేసి రేపల్లెలో ఇంటి నుంచే పని చేసుకోవడం మొదలుపెట్టాను. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఏదీ కుదరలేదని ఊళ్ళో అనుకుంటారు. నేనే కుదరనివ్వలేదని అమ్మకి తెలుసు. ఎందుకని మాత్రం అమ్మ అడగలేదు.

పోయిన ఏడాది వాళ్ళమ్మగారు పోయారని మా పాత ఓనరుగారు చెప్పారు. పెద్దకర్మ అయిన రెండు రోజులకి బాపట్ల వెళ్ళాను. ఆయనకి కణతల దగ్గర జుట్టు నెరిసింది. భార్య నెమ్మదస్తురాలు, కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక ఆయన అన్నారు.

"ఒకటే తృప్తండి. ఆ సంగతి అమ్మకి చివరిదాకా తెలీలేదు. నిశ్చింతగా పోయింది."

చెప్పొద్దన్న మనిషి ఇక లేరు, మాట తప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. చెబితే ఆయన ఏడుస్తారో, నవ్వుతారో, ఇన్నేళ్ళూ చెప్పనందుకు నా మీద కోపగించుకుంటారో. ఆయన కళ్ళలోకి చూసి, "అవునండి, నిశ్చింతగానే పోయారు" అన్నాను.

ఆటో దాకా వచ్చి సాగనంపారు. "మీరెలా ఉన్నారండి?" అని అప్పుడు అడిగారు. బాగానే ఉన్నానన్నాను. తెనాలిలో దిగేసరికి రేపల్లె పాసింజరు వెళ్ళిపోయింది. తర్వాతి దానికి రెండు గంటల టైముంది. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, టీ తెచ్చుకుని, అప్పటి ఆ బల్ల మీదే కూర్చున్నాను.