చూస్తే తగ్గే ప్రాసెసర్

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. కింద కనిపించే అంకెలన్నీ కాస్త ఉబ్బినవే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. స్కాన్ చేసిన ఎక్స్‌రే ఫిల్ములను నాలుగు కంప్యూటర్లకు పంచి దాచే ప్రోగ్రాం నాది. ఒకటి చెడిపోయినా ఫిల్ము ఇంకొకదాంట్లో దొరుకుతుంది. రెండేళ్లు రాశాను. అప్పటికి నా కీబోర్డు తిరగేసి దులిపితే ఒక సవరానికి సరిపడా జుట్టు రాలేది.

ఆ నాలుగింటి ప్రాసెసర్లు ఎంత పని చేస్తున్నాయో ఓనరు గదిలోని తెర మీద గీతలుగా కనిపించేవి. ఒకరోజు నన్ను పిలిచి చూపించాడు.

“ఏమప్పా, ఒక్క ఫిల్మూ రాకపోయినా తొంభై శాతం సూపిస్తా ఉండాది. నీ ప్రోగ్రాం ఏం తింటా ఉండాది ఆడ?”

“చూసొస్తాను సార్.”

“సూడు. శనివారం లోపల తగ్గకపోతే దీన్ని పీకేసి మద్రాసు నుంచి రెడీమేడ్‌ది తెప్పిస్తా.”

ఆ నాలుగు కంప్యూటర్లుండే పక్కగదికి పరిగెత్తి, మౌసు కదిపి, ఆపి ఉంచిన తెర వేశాను. మూడు శాతం. వెనక్కి వచ్చిన కాసేపటికి మళ్లీ తొంభై. ఆ వారం రెండు గదుల మధ్య నేను నడిచిన నడక అలిపిరి మెట్లు ఏడుసార్లు ఎక్కినంత. ప్రోగ్రాంలో ఏ భాగం ప్రాసెసర్‌ను ఎంతసేపు పట్టుకుందో కొలిచే ప్రొఫైలర్ పెట్టాను. నా ప్రోగ్రాం దాదాపు నిద్రపోతోందని చెప్పింది. నమ్మలేదు. నమ్మక, బాగున్న భాగాలనే మూడుసార్లు తిరగరాశాను. తొంభై తొంభైగానే ఉంది.

శుక్రవారం విసుగెత్తి, తెరలన్నీ వేసే ఉంచి, దేన్నీ ముట్టకుండా ఆ గదిలోనే కుర్చీలో కూలబడ్డాను. పది నిమిషాలకు నాలుగు తెరల మీదా స్వామివారు ప్రత్యక్షమై, వెలుగులు చిమ్ముతూ గిరగిరా తిరగసాగారు. ఆయుధపూజనాడు ఓనరు స్వయంగా ఎక్కించిన స్క్రీన్‌సేవర్. ఆ వెలుగులు గీయడానికే ప్రాసెసర్లు పొర్లుదండాలు పెడుతున్నాయి. మౌసు కదిపితే స్వామీ మాయం, బరువూ మాయం.

వెళ్లి చెప్పాను.

“అయితే స్వామిని తీసేయమంటావా?”

“వద్దు సార్. తిరగకుండా నిలబెడదాం.”

“కొండమీద గూడా నిలబడుకొనే గదప్పా ఉండేది,” అన్నాడు.

నేను పూర్తిగా కల్పించింది ఈ సంభాషణే. స్వామి మీద చాడీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చడీచప్పుడు లేకుండా నాలుగింట్లోనూ కదలని బొమ్మ పెట్టి, “ప్రోగ్రాంలో తప్పు దొరికింది సార్, దిద్దినాను” అన్నాను. “ఈ బుద్ధి ముందే యాడ పోయింది?” అని ఆఫీసంతా వినేలా తిట్టి, ప్రోగ్రాంను ఉండనిచ్చాడు. అది చేయని తప్పుకు నేను తలొంచుకొని నిలబడ్డాను.