రామాంజికి మంచు తెలుసని చెప్పడానికి

పోయిన చలికాలం మనాలి పైన మంచు చరియ విరిగిపడి రామాంజి చనిపోయాడు. ట్రెక్కింగ్ బృందాలను కొండలెక్కించే పనిలో ఏళ్లుగా నాకు తోడు. "మంచంటే తెలీనోడు మంచులోకి పోయి సచ్చినాడని ఊర్లో అంటాండారప్పా, నిజమేనా?" అని వాళ్లక్క నాగమ్మ ఫోన్లో అడిగింది. ఆ మాటకు ఫోన్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ప్రయాణం.

బెంగళూరులో తెల్లవారుజామున బస్సెక్కితే ఎండ ముదరకముందే కదిరిలో దిగవచ్చు. అక్కడినుంచి వాళ్ల ఊరికి ఆటోనే దిక్కు. షేర్ ఆటో నిండేదాకా ఆగలేకపోతే మూడు వందలు అడుగుతారు. దారి పొడవునా వేరుశెనగ జానెడు ఎత్తులోనే వాడిపోయి ఉంది. "వానలు లేవా?" అన్నాను. "యాడ వాన అన్నా! ఇత్తనమేసినాక ఒక్క పదును వానా పడల్యా" అన్నాడు డ్రైవరు. రామాంజి ఇంటికని చెప్పగానే పాటలు ఆపేశాడు.

నాగమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను మొదలుపెట్టాను. ఆ ఉదయం రామాంజి వాలు అంచున నడుము లోతు మంచు తవ్వి, ఒక్కో పొరనూ వేళ్లతో నొక్కి చూశాడు. గాలి తెచ్చిపోసిన మంచు పైన పలకలా బిగుసుకుని ఉంది. దాని కింద చక్కెర పలుకుల్లాంటి పొర, ఆ పలుకులు ఒకదానికొకటి అంటుకోవడం లేదు. పార ఆనించి నాలుగు దెబ్బలు తట్టగానే పైపొర మొత్తం జారి వచ్చింది. "ఈపొద్దు వద్దన్నా, ఎనక్కి పోదాం" అన్నాడు. మా బృందాన్ని వెనక్కి తిప్పేశాం.

"పలక జారేదేందప్పా?" అంది నాగమ్మ. ఆమె చేటలో రాగులు పరిచి, పైన నా తువ్వాలు మడిచిపెట్టి మెల్లగా వంచాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత తువ్వాలు ఒక్కసారిగా ఆమె ఒళ్లోకి జారింది.

"ఇంత తెలిసినోడు మల్లెందుకు పోయినాడు?"

మేం వెనక్కి తిరుగుతుండగానే వేరే బృందంలోని ఒక అమ్మాయి ఆ వాలులోకి దిగింది. సగం దారిలో కాళ్లకింద మంచు గుబుక్కుమని కుంగడంతో భయపడి నిలిచిపోయింది. రామాంజి వెళ్లాడు. ఇద్దరి బరువు కలిసి పడకూడదని ముందు ఆమెను ఒంటరిగా పంపి, తాను అక్కడే ఆగాడు. ఆమె ఒడ్డు చేరింది. అతను కదిలేసరికి వాలంతా పగిలి అతణ్ణి పూడ్చేసింది. మంచు కింద మనిషి ఎక్కడున్నాడో చెప్పే బీకన్ అతని ఒంటికి కట్టి ఉంది, దాని సిగ్నల్ పట్టుకుని తవ్వాం. అప్పటికే ఊపిరి లేదు.

తమ్ముడి పేరు నిలబెట్టానని అనుకున్నాను. నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలీక పోయినాడనుకుంటే ఏడ్సేకి బాగుండె. అంతా తెలిసే ఆడ ఒక్కడే నిలబడినాడా?"

ఒళ్లోని తువ్వాలు మడిచి నా చేతికిస్తూ, "ఆ పాప బాగుండాదా?" అని అడిగింది.

"బాగుందక్కా."

"సరే లెయ్, సంగటి తిందువు."

నిజం చెబితే ఆమెకు కొంచెం ఓదార్పు అవుతుందని వెళ్లాను. కాలేదు. కొత్త దుఃఖమే ఇచ్చి వచ్చాను. కానీ నేను ఆటో ఎక్కుతుంటే పక్కింటాయనతో ఆమె గట్టిగానే అంటోంది: "మావోడు తవ్వి సూసినాడంట. అందర్నీ ఎనక్కి తిప్పినాడంట."

మంచు కొండలకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కొత్త మంచు పడి గాలి వీచాక నిటారు వాలు దాటాల్సివస్తే, తవ్వి చూశారా అని మీ గైడును అడగండి. వద్దంటే తిరిగి వచ్చేయండి. మీరు మధ్యలో చిక్కుకుంటే, ఆ వద్దన్న మనిషే మీకోసం లోపలికి రావాలి.