మర్ఫాకు పావుగంట

అమెరికాలో మేముండే క్యారీ ఊరి లైబ్రరీలో గోడకు అంటించిన ఆ పోస్టరు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆఫ్రికా సంగీతానికీ, ఆఫ్రికా నుంచి లోకమంతా చెదిరిపోయిన వాళ్ల సంగీతానికీ పక్క పట్నంలో రెండు రోజుల పండుగ చేస్తారట. పోస్టరు నిండా ప్రపంచపటం. ఆఫ్రికా నుంచి గీతలు బయల్దేరి బ్రెజిల్‌కీ, క్యూబాకీ, హైతీకీ, లండన్‌కీ వెళ్తున్నాయి. ప్రతి గీత చివరా ఒక డోలు బొమ్మ. తూర్పు వైపు మాత్రం ఒక్క గీతా లేదు. హిందూ మహాసముద్రం ఖాళీగానే ఉంది కదా అని అక్కడొక బ్యాంకు ప్రకటన వేసుకున్నారు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా హైదరాబాదులో గవర్నమెంటు లైబ్రరీల ఫ్యాన్ల కింద సాగింది. అందుచేత నాకు డిగ్రీ లేదు, చదివింది మరిచిపోయే సౌకర్యమూ లేదు. నేను పెరిగింది ఏసీ గార్డ్స్ పక్క గల్లీలో. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని హబ్షీల గుర్రపు దళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చారని చెబుతారు. ఆ దళం మనవలూ మునిమనవలూ ఆ పేటలోనే ఉండిపోయారు. వాళ్ల డోళ్ల మేళం, మర్ఫా, మోగకుండా మా దగ్గర పెళ్లి ఊరేగింపు కదిలేది కాదు. వినాయకుడు కూడా నిమజ్జనానికి ఆ దరువు మీదే వెళ్లేవాడు. ఈ పటం గీసినవాడికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిచోట బ్యాంకును కూర్చోబెట్టడం తప్పు.

ఆ దళం మునిమనవడొకడు అప్పటికి నా పక్క దుకాణంలోనే ఉన్నాడు. నేను ఇండియన్ షాపులో పప్పులు ప్యాకెట్లు కట్టేవాణ్ణి. అతను పక్కనే హలాల్ దుకాణంలో మాంసం కొట్టేవాడు. అరవై దాటిన మనిషి, ఈ దేశం వచ్చి పాతికేళ్లయింది. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. మన తెలుగువాళ్లు వచ్చి అతనితో ఇంగ్లీషులో మాట్లాడేవారు. "కీమా సన్నగ కొట్టాల్నా, మోటుగనా?" అని అతను తెలుగులో అడిగితే ఉలిక్కిపడి, ఆ తర్వాత కూడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పేవారు. నల్లజాతి అమెరికన్లు బ్రదర్ అని పలకరించి, అతను నోరు తెరవగానే ఏ దేశమని అడిగేవారు. ఇండియా అంటే నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అతనికి ఉన్న కోరిక ఒకటే. ఈ దేశంలో ఒక్కసారి, జనం ముందు నిలబడి మర్ఫా వాయించాలి. మొదట ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్లను ఉగాదికి అడిగాం. కార్యక్రమాలు చూసే కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"సూపర్ అంకుల్. కానీ ఇది తెలుగు కల్చరల్ ప్రోగ్రామ్ కదా, పేరెంట్స్ ఫీల్ అవుతారు."

"ఏమని ఫీల్ అవుతారు బాబూ?"

"అంటే... మనది కాదు కదా అంకుల్."

"మీదే ఊరు?"

"దిల్‌సుఖ్‌నగర్ అంకుల్."

"మీ గల్లీ వినాయకుడు దేని మీద వెళ్లేవాడు?"

"లారీ మీద అంకుల్."

ఆ ఉగాదికి, సగం మాటలు స్పానిష్‌లో ఉన్న సినిమా పాట ఒకటి పెట్టి పిల్లల చేత టోపీలతో గంతులు వేయించారు. అది మనదే.

అందుకని పోస్టరు కింద ఉన్న నంబరుకు ఫోను చేసి, పండుగ నడిపే ఆవిడను లైబ్రరీలోనే కలిశాను. రిటైరైన బడిపంతులమ్మ, నల్లజాతి మనిషి, నా వయసే ఉంటుంది. సముద్రం, సంస్థానం, గుర్రపు దళం అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "చరిత్ర మా ఇంట్లోనూ చాలా ఉంది. వాళ్లు వాయించగలరా?" అంది. పటం సంగతి ఎత్తితే ప్రింటయిపోయిందంది. చివరికి శనివారం మధ్యాహ్నం పావుగంట ఇచ్చింది. షరతు కూడా చెప్పింది. జనం కుర్చీల్లోంచి లేచి వెళ్లిపోతే ఇంతే సంగతులు. నిలబడితే వచ్చే ఏడు మళ్లీ ఆలోచిస్తుంది.

ఆ పావుగంటలో మూడోవంతు ఉపన్యాసం నాది. నేను అడిగి తీసుకున్నాను. ఎవరో తెలియని మనిషి వాయిస్తే వినేవాడికి ఏం తెలుస్తుంది? భాయ్ "మంచిగుంటదన్నా" అన్నాడు. తరవాత చాలాసేపు కత్తి నూరాడు.

ఆ శనివారం పొద్దున వాన పడింది. పదిగంటలకు తెరిపిచ్చింది గానీ గాలి తడిగుడ్డలా ఉంది. మర్ఫాకు కట్టేది మేకతోలు. తేమ తగిలితే సాగిపోయి, కొడితే గుమ్మడికాయ మీద చరిచినట్టు పలుకుతుంది. అందుకే హైదరాబాదులో ప్రతి బారాత్‌కు ముందు గుమ్మం దగ్గర చిత్తుకాగితాలూ కొబ్బరిపీచూ పోగేసి మంట పెడతారు. గుండ్రటి నగారానూ, పలకల్లాంటి డఫ్‌లనూ ఆ సెగకు తిప్పి తిప్పి, వేలితో మీటి చూసుకుంటారు. పెళ్లికొడుకు ఆలస్యమైతే సర్దుకుంటారు. మంట ఆలస్యమైతే సర్దుకోరు.

భాయ్ కారు డిక్కీలో గోనెసంచి నిండా కొబ్బరిపీచు తెచ్చాడు. మా దుకాణంలో పగలగొట్టిన కాయలదే, నెలల తరబడి ఎండబెట్టుకున్నాడు. అతని బామ్మర్ది పార్సిప్పనీ నుంచి రాత్రంతా డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు, డఫ్ అతనిది. భాయ్ కూతురు ఇక్కడే పుట్టింది, నర్సింగ్ చదువుతోంది. స్టీలు బిందె మీద కర్రలతో తాళం వేయడం ఆ అమ్మాయి పని. స్టేజీ వెనక అల్యూమినియం ట్రేలో పీచు పోసి ముగ్గురూ చుట్టూ గొంతుక్కూర్చుని అగ్గిపుల్ల గీశారు. పొగ లేచిందో లేదో ఫైర్ ఆఫీసరు వచ్చేశాడు.

"ఏం చేస్తున్నారు?"

"ట్యూనింగ్," అన్నాను.

"నిప్పుతోనా?"

"వయొలిన్‌వాడు మర తిప్పుతాడు, మేం మంట పెడతాం. మీరు వయొలిన్‌వాణ్ణి ఆపారా?"

అతను ఎర్ర సిలిండరుతో నురగ కొట్టాడు. ట్రే మీద కొంత పడింది, డఫ్ మీద కొంత పడింది.

బామ్మర్ది డఫ్‌ను చొక్కాతో తుడుస్తూ, "ఏం మనుషులు భాయ్ వీళ్లు. పొగ చూస్తె చాలు, ఇల్లు కాలినట్టు జేస్తరు," అన్నాడు.

భాయ్ నగారా మీద వేలితో కొట్టాడు. గుమ్మడికాయే. "గిట్లయితే నేను ఎక్కనన్నా," అన్నాడు. "పాతికేండ్లు ఆగి, గిదా వినిపించేది?"

అప్పుడు ఆ అమ్మాయి తండ్రిని ఆపి, నా వైపు తిరిగి అంది: "అబ్బా, వెయిట్. అంకుల్, నా బ్యాగ్‌లో హెయిర్ డ్రైయర్ ఉంది. ట్రై చేద్దామా?"

స్టేజీ వెనక వైర్ల మధ్య ఖాళీగా ఒక ప్లగ్గు కనిపించింది. పెట్టాను. యంత్రం బాగా పనిచేసింది, తోలు బిగియడం మొదలైంది. ఆ సమయానికి స్టేజీ మీద పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన సొరకాయ బుర్రకు తీగలు కట్టిన వాద్యం వాయిస్తున్నాడు. ఉన్నట్టుండి మైకులు చచ్చిపోయాయి. ఆయన కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు, ముందు వరసవాళ్లకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఇద్దరు కుర్రాళ్లు వైరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు. వైరు చివర నేనున్నాను.

ఆడపిల్ల జుట్టు ఆరబెట్టుకునే యంత్రాన్ని మోయలేని కరెంటుతో ఊరు పండుగ తలపెట్టడం వాళ్ల తప్పు. ఆ మాట అప్పుడు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. పంతులమ్మ వినలేదు. "ఆయన సమయం ఆయనకు పూర్తిగా ఇస్తాను. పోయింది మీ వాటాలోంచి పోతుంది," అని వెళ్లిపోయింది. లెక్క చూస్తే మా పావుగంటలో సగం కూడా మిగల్లేదు.

భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, కోపం తెచ్చుకోకు. ఇప్పుడు నువ్వు మాట్లాడితే నేను కొట్టుడు ఉండది."

"నేను మాట్లాడకపోతే నువ్వెవరో వాళ్లకెట్లా తెలుస్తుంది భాయ్? బ్రెజిల్‌వాడివనుకుంటారు."

"అనుకోనీ."

"జమైకా అనుకుంటారు."

"అనుకోనీ అన్నా! దుకాన్ల ఇన్నేండ్ల సంది ఏదో ఒకటి అనుకుంటనే ఉన్నరు గద. ముందుగాల చెవులకు పోనీ, తర్వాత తలకు చెప్పుదువు."

నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. చెవి నుంచి తలకు దారి ఉందని వైద్యులు అంటారు గానీ, నేను చూసినంతవరకు చాలామందిలో అది మూసుకుపోయి ఉంటుంది. కానీ నగారా అతనిది. సరేనన్నాను.

ఇక సెగ కావాలి. మైదానం అంచున తిండి స్టాళ్లు. అందులో ఒకచోట తలకు పసుపుపచ్చ గుడ్డ చుట్టుకున్న ఆఫ్రికా ఆవిడ బొగ్గుల మీద మేకమాంసం కాలుస్తోంది. ఆవిడ బొగ్గులకు పర్మిషన్ ఉంది, మా పీచుకు లేదు. మేక మాంసానికి ఇచ్చిన హక్కు మేకతోలుకు ఇవ్వలేదన్నమాట. భాయ్ నగారాను చంకన పెట్టుకుని నేరుగా వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు. తోలు మీద వేలితో ఒక దెబ్బ వేశాడు. ఆవిడ మొహం చిట్లించింది, పాడైన కూర వాసన చూసినట్టు. మాంసం పుల్లలన్నిటినీ ఒక పక్కకు జరిపింది.

నేను మాంసం ముట్టను. ఆ పొగలో బామ్మర్ది డఫ్ పట్టుకుని, కళ్లనీళ్లు కారుస్తూ, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ల వరసకు అడ్డంగా నిలబడ్డాను. నా వెనక ఒకాయన ఇది ఎంతసేపు కాలాలి అని అడిగాడు. ఇంతలో ఫైర్ ఆఫీసరు మళ్లీ వచ్చాడు.

"అక్కడ ఏం కాలుస్తున్నారు?" అన్నాడు.

"మేక," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

అతను తోలు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అబద్ధమని అనడానికి వీల్లేదు. ఒక ప్లేటు కొనుక్కుని వెళ్లాడు.

మేం పరుగెత్తుకుంటూ స్టేజీ ఎక్కేసరికి పంతులమ్మ చేతి గడియారం చూస్తోంది. నన్ను మైకు ముందుకు తోసింది. నెలల తరబడి నోటికి వచ్చేలా వల్లించుకున్న ఉపన్యాసం గొంతులోనే ఉంది. ఒక్క వాక్యం మొదలుపెడితే వనపర్తి దాకా ఆగేవాణ్ణి కాను, నా సంగతి నాకు తెలుసు. "హైదరాబాద్," అన్నాను. దిగిపోయాను.

భాయ్ కొట్టాడు.

సంగీతం గురించి రాయడం నాకు రాదు, రాసేవాళ్ల మీద నమ్మకమూ లేదు. జరిగింది మాత్రం చెబుతాను. మొదటి దెబ్బకు ముందు వరసలో ఒకాయన ఒళ్లోని నిమ్మరసం గ్లాసు పడిపోయింది. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని బయల్దేరిన ఒకావిడ ఆగి, కుర్చీ చంకలోనే ఉంచుకుని భుజాలు ఊపింది. ఆ అమ్మాయి బిందె మీద తాళం అందుకుంది, ఇంట్లో వంటకు అడ్డమని తల్లి తిట్టే బిందె అది. బామ్మర్ది రాత్రంతా నిద్రలేని మనిషిలా లేడు. జనం లేచారు. ఇంతే సంగతులనుకున్నాను. కానీ వాళ్లు వెళ్లిపోవడానికి లేవలేదు, స్టేజీ కిందికి వచ్చారు. అందులో మన తెలుగు పిల్లలు నలుగురైదుగురు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు, నిమజ్జనంలో ఎగిరినట్టే ఎగురుతున్నారు. "అరేయ్, మర్ఫారా! మర్ఫా!" అని ఒకడు ఫోను పైకెత్తి అరుస్తున్నాడు. వాడికి ఏ ఉపన్యాసమూ అవసరం రాలేదు. పక్కనున్న నల్లజాతి కుర్రాళ్లకు ఆ అడుగులు నేర్పిస్తున్నాడు, తప్పుగా.

మా గడువు దాటింది. పంతులమ్మ చెయ్యెత్తి ఆపాలి. ఎత్తలేదు. తర్వాత వాయించాల్సిన బూరల బృందం మెట్ల దగ్గర నిలబడి కాళ్లాడిస్తోంది. చివరికి తోలే ఆపింది. ఆ తడిగాలికి మళ్లీ సాగింది. శబ్దం మెత్తబడగానే భాయ్ చేతులు తీసేశాడు. ఇంకొక్క దరువు అని జనం అరిచినా వినలేదు. చెడ్డ శబ్దం అతను వినిపించడు.

పంతులమ్మ వచ్చి భాయ్ చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఏడు సాయంత్రం వేళ రండి. మీ నిప్పు సంగతి నేను చూసుకుంటాను," అంది. నన్ను మాత్రం కరెంటు వైర్లకు దూరంగా ఉండమంది. భాయ్ తల ఊపాడు, థ్యాంక్యూ మేడమ్ అన్నాడు, స్టేజీ వెనక గడ్డి మీద చొక్కా పరుచుకుని నమాజు చేసుకున్నాడు. అంతసేపూ నేను నగారా దగ్గర కాపలా ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి డ్రైవ్ చేసింది. వెనక సీట్లో మా ఇద్దరి పక్కన బామ్మర్ది నోరు తెరుచుకుని నిద్రపోయాడు. కారంతా కాల్చిన మాంసం వాసన. హైవే ఎక్కాక భాయ్ నా వైపు తిరిగాడు.

"అన్నా, ఆమె ఏమన్నది?"

"పక్కనే ఉన్నావు కదా భాయ్."

"ఉన్న. చెప్పు."

"వచ్చే ఏడు మళ్లీ రమ్మంది. సాయంత్రం వేళ."

కొంతదూరం పోయాం.

"నాకు చెప్పిందా, నీకు చెప్పిందా?"

"నీకే. నీ చెయ్యి పట్టుకునే చెప్పింది."

"అబ్బా, యూ హర్డ్ హర్," అంది కూతురు ముందునుంచి.

"నువ్వు రోడ్డు చూడు బేటా." మళ్లీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "జర ఉర్దూల చెప్పు అన్నా."

ఇంగ్లీషు అతనికి నాకంటే బాగా వచ్చు. అతనింట్లో మాట్లాడే ఉర్దూలో చెప్పాను.

"హౌ," అన్నాడు, అవునని. క్యారీ వచ్చేదాకా మోకాలి మీద వేళ్లతో దరువు వేస్తూనే ఉన్నాడు.